తుపాకుల నియంత్రణ సరే, ముంగేర్ కార్మికుల మాటేమిటి? కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

తుపాకుల లైసెన్సులను కట్టుదిట్టం చేయాలన్న మీ శాఖ విధానాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టానికి చేసిన సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, వేడుకల్లో గాలిలోకి కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాల మీదికి తేవడం శిక్షార్హమైంది, దొంగచాటుగా ఆయుధాలు తయారు చేసేవారికి యావజ్జీవం దాకా శిక్ష వేసే వీలు కలిగింది. ఇవన్నీ అవసరమైన మార్పులే. అయితే కొనేవాడి గురించి, దాచేవాడి గురించి, దొంగతనంగా అమ్మేవాడి గురించి ఇంత ఆలోచించిన చట్టం, సాక్షాత్తూ ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు కింద తుపాకులు తయారు చేసి బతికిన కార్మికుడి సంగతి పట్టించుకోలేదు. బీహార్‌లోని ముంగేర్ పట్టణంలో ఈ లోటు స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఆ ఊరి గురించే మీకు విన్నవించుకుంటున్నాను.

ముంగేర్‌కు ఈ విద్య నిన్న మొన్న వచ్చింది కాదు. 1760ల ఆరంభంలో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం తన రాజధానిని ముర్షిదాబాద్ నుంచి అక్కడికి మార్చుకుని, ఆర్మేనియా సంతతికి చెందిన సేనాని గుర్గిన్ ఖాన్ ఆధ్వర్యంలో ఆయుధాల కర్మాగారం పెట్టించాడు. నవాబు ఓడిపోయి వెళ్ళిపోయినా పనివాళ్ళు ఊళ్ళోనే ఉండిపోయారు, తండ్రి నుంచి కొడుక్కి ఆ పని దిగుతూ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ముప్పైకి పైగా ప్రైవేటు యూనిట్లను ఒకే ప్రాంగణంలో, పోలీసు కాపలా మధ్య నడిపించి, అన్నింటికీ కలిపి ఏడాదికి 12,352 తుపాకుల కోటా నిర్ణయించింది. అక్కడ తయారయ్యేవి ఒక గొట్టం (సింగిల్ బ్యారెల్), రెండు గొట్టాలు (డబుల్ బ్యారెల్) ఉండే పన్నెండు బోర్ తుపాకులు, అంటే వేటకు వాడే పొడుగాటి తుపాకులు. ఒకప్పుడు వందల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ ప్రాంగణంలో ఇప్పుడు చాలా యూనిట్లు పేరుకే మిగిలాయి, తయారయ్యే తుపాకులు కోటాకు ఏ మూలకూ రావడం లేదు.

నేను యంత్రాల కర్మాగారంలో ఉద్యోగం చేసి విరమించినవాడిని కనుక ఈ పని విలువ నాకు కొంత తెలుసు. చేత్తో తయారు చేసే డబుల్ బ్యారెల్ తుపాకీలో రెండు గొట్టాలను పక్కపక్కన అతకడం ఒక ఎత్తైతే, వాటి వెనుక ముఖాన్ని, తుపాకీ మూసినప్పుడు అది ఆనుకునే ఉక్కు ముఖానికి సందు లేకుండా కూర్చడం ఇంకో ఎత్తు. దీపపు మసిని ఆ ముఖానికి పూసి, తుపాకీని ఒకసారి మూసి తెరిచి, మసి ఎక్కడ అంటుకుందో చూసి, అంటిన చోట మాత్రమే సన్న ఆకురాయితో ఒక గీటు గీసి, మళ్ళీ మసి పూసి మూస్తారు. మసి అంతటా సమంగా పడేదాకా ఇదే పని. సందు మిగిలితే తూటా పేలినప్పుడు వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికి తన్నే ప్రమాదం ఉంది. ఇంత ఓపిక, ఇంత చూపు ఉన్న ఫిట్టర్‌ను తయారు చేయడానికి ఏళ్ళు పడుతుంది. దేశానికి నిపుణులైన పనివాళ్ళు కావాలని మీ ప్రభుత్వమే రోజూ చెబుతున్నప్పుడు, ఇలాంటివాళ్ళను ఊరకే కూర్చోబెట్టడం ఎంత నష్టమో ఆలోచించండి.

ఈ పరిశ్రమ కుంగిపోవడానికి నియంత్రణ ఒక్కటే కారణమని నేను అనను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట కోసం పన్నెండు బోర్ తుపాకీ కొనేవారు దాదాపు లేకుండా పోయారు. ఆత్మరక్షణ పేరుతో లైసెన్సు తీసుకునేవారు పొడుగాటి తుపాకీ బదులు రివాల్వర్‌నో పిస్టల్‌నో కోరుకుంటున్నారు, వాటిని చాలాకాలం ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలే తయారు చేసి అమ్మాయి. దీనికి తోడు లైసెన్సుల జారీ బిగిసింది. 2019 సవరణతో మూడో తుపాకీని అప్పగించాల్సి వచ్చినప్పుడు కొత్తగా కొనేవారు ఇంకా తగ్గడం సహజమే. వేట నిషేధమూ మంచిదే, లైసెన్సుల బిగింపూ మంచిదే. కానీ ఈ రెండూ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలే. ఒక సరుకు ఎందరు కొనవచ్చో, ఏడాదికి ఎన్ని తయారు కావచ్చో, ఎక్కడ కూర్చుని తయారు చేయాలో కూడా తానే నిర్ణయించిన ప్రభుత్వం, ఆ పని పడిపోయినప్పుడు అది మార్కెట్ సంగతి అని తప్పుకోవడం న్యాయం కాదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది దీని తరువాతి మెట్టు. మన దేశంలో ఏటా పోలీసులకు పట్టుబడే తుపాకుల్లో అత్యధికం లైసెన్సు లేనివే. బీహార్‌లో ఎన్నికలు దగ్గరపడగానే ‘మినీ గన్ ఫ్యాక్టరీ’ల మీద దాడుల వార్తలు వస్తాయి, వాటిలో ముంగేర్ పేరు తరచూ వినబడుతుంది. 2018లో జబల్‌పూర్‌లోని సైనిక ఆయుధ డిపో నుంచి దొంగతనంగా బయటికి వచ్చిన ఏకే-47 రైఫిళ్ళను ముంగేర్ జిల్లాలో, కొన్నింటిని ఏకంగా ఒక బావిలోంచి, వెలికితీశారు. లైసెన్సు ప్రాంగణంలో పని పోయిన ప్రతివాడూ తపంచాలు (నాటు పిస్టళ్ళు) చేస్తున్నాడని అనడం ఆ కార్మికులకు అన్యాయం చేయడమే. వారిలో ఎక్కువమంది రిక్షా తొక్కో, కూలికి వెళ్ళో, వలస పోయో గౌరవంగానే బతుకుతున్నారు. కానీ చేతిలో విద్య ఉండి ఇంట్లో పొయ్యి వెలగని మనిషి దగ్గరికి ఆయుధాల దొంగ వ్యాపారి వస్తాడన్నది మీ పోలీసు అధికారులకు నాకంటే బాగా తెలుసు. నిఘాలో ఉన్న ప్రాంగణంలో, ప్రతి తుపాకీ మీద తయారీదారు పేరు, వరుస సంఖ్య చెక్కి జరిగే పని ఆగిపోయి, ఏ గుర్తూ లేని పని చీకటి గదుల్లో పెరిగితే, ఆయుధాల నియంత్రణ అనే ఆశయమే దెబ్బతింటుంది.

ఉద్యోగాల పేరు చెప్పి లైసెన్సులు విరివిగా ఇవ్వాలనేవారు, పిస్టళ్ళకూ అనుమతులు ఇవ్వాలనేవారు మీ దగ్గరికి రావచ్చు. దయచేసి ఒప్పుకోకండి. అమెరికాలో ఈ వాదన ఎక్కడికి దారి తీసిందో చూస్తున్నాం. మసాచుసెట్స్‌లో కొన్ని రకాల తుపాకుల తయారీని నిషేధించే బిల్లు వచ్చినప్పుడు, దాన్నే కారణంగా చూపుతూ స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకుల కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని, దానితోపాటు దాదాపు 550 ఉద్యోగాలను టెనెస్సీకి తరలిస్తున్నట్టు 2021లో ప్రకటించింది. చట్టసభకు అదొక హెచ్చరిక అయింది, కార్మికుడు ఆ హెచ్చరికలో ఒక అంకె అయ్యాడు. అక్కడ ఆంక్షలు వస్తాయన్న భయం పుట్టినప్పుడల్లా తుపాకుల అమ్మకాలు పెరగడం, ఆ భయం తీరాక పడిపోవడం మామూలైపోయింది. తుపాకుల యజమానులకు అనుకూలమైన ప్రభుత్వం వాషింగ్టన్‌లో ఉండగానే 2018లో రెమింగ్టన్ అనే తుపాకుల కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 1816లో మొదలైన ఆ కంపెనీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌లో నడిపిన పాత కర్మాగారం 2024లో మూతపడింది. జనం భయం మీద ఆధారపడిన ఉపాధిని ఏ ప్రభుత్వమూ నిలబెట్టలేదు, అలాంటి ఉపాధిని ముంగేర్‌కు నేను కోరడం లేదు.

ఆస్ట్రేలియా చేసిన పని మాత్రం గమనించదగింది. 1996లో అక్కడి పోర్ట్ ఆర్థర్‌లో జరిగిన కాల్పుల్లో 35 మంది హతమైన తరువాత ఆ దేశం కొన్ని రకాల తుపాకులను నిషేధించి, ఆరు లక్షలకు పైగా ఆయుధాలను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. డీలర్లకూ పరిహారం ఇచ్చింది, అందుకోసం ప్రజల నుంచి ఒక్కసారి ప్రత్యేక పన్ను వసూలు చేసింది. నియంత్రణ వల్ల నష్టపోయేవారి భారాన్ని సమాజమంతా పంచుకున్నందువల్ల ఆ చట్టం నిలబడింది.

మన దగ్గరా ఇలాంటి ఆలోచన లేకపోలేదు. పొగాకు వాడకాన్ని తగ్గించాలనుకునే ప్రభుత్వమే బీడీ కార్మికుల కోసం 1976లో సంక్షేమ నిధి చట్టం చేసింది. తెలంగాణలో బీడీ కార్మికులకు ప్రభుత్వ పింఛను వస్తున్నది. అదే న్యాయం ముంగేర్‌లో వయసు మళ్ళిన తుపాకీ కార్మికులకు ఎందుకు వర్తించకూడదు? పని చేయగలిగిన వయసులో ఉన్నవారికి పింఛను కంటే పనే ముఖ్యం. ఆ జిల్లాలోనే జమాల్‌పూర్‌లో 1862 నుంచి నడుస్తున్న రైల్వే వర్క్‌షాప్ ఉంది. చిన్న పరిశ్రమల నుంచి కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం చేయాలన్న ఉత్తర్వూ ఉంది. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏర్పాటు చేసిన ప్రభుత్వ కంపెనీలు, రైల్వేలు ఆ ఉత్తర్వు కిందే ముంగేర్ యూనిట్లకు విడిభాగాల ఆర్డర్లు ఇవ్వవచ్చు. 2017లో ఆయుధాల తయారీ నిబంధనలను సడలించి, కంపెనీ ఉన్నంతకాలం చెల్లే లైసెన్సులు ఇచ్చినప్పుడు పెద్ద పెట్టుబడిదారులకు దారి సుగమమైంది. వారికి అంత చేసిన శాఖ, కాగితాలు లేని చేతివిద్యకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇప్పించడానికి నైపుణ్యాభివృద్ధి శాఖకు ఒక ఉత్తరం రాయడం కష్టం కాదు.

వీటన్నిటికీ ముందు జరగవలసింది లెక్క తీయడం. ఆ ప్రాంగణంలో ఇప్పుడు ఎవరు పనిచేస్తున్నారు, గత ఇరవై ఏళ్ళలో ఎవరు వదిలి వెళ్ళారు, వారి వయసు, పని, ప్రస్తుత ఆదాయం ఎంత అన్నది బీహార్ కార్మిక శాఖతో కలిసి నమోదు చేయించండి. యూనిట్ల వేతన పుస్తకాలతో మొదలుపెట్టి, వెళ్ళిపోయినవారి కోసం ఊళ్ళోని వాడలకు మనుషుల్ని పంపాలి. ఆ సర్వేకు వెళ్ళేవారిలో పోలీసులు ఉండకుండా చూడమని ప్రత్యేకంగా మనవి. ఖాకీ చొక్కా గుమ్మంలో కనిపిస్తే అక్కడ ఏ ఇంటివాడూ తనకు ఫిట్టర్ పని వచ్చునని చెప్పడు.

భవదీయుడు,
ఒక విశ్రాంత కార్మికుడు