ఐర్లాండ్‌లోని లిమరిక్‌లో ఉన్న చిన్నాకి అమ్మ ఉత్తరం

చిన్నా,

ఎలా ఉన్నావు నాన్నా? ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకి షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, పొద్దున్నే గోదావరి గట్టు దాకా నడిచొస్తున్నారు. పెరట్లో మామిడి ఈసారి బాగా పూత పట్టింది. ఫోన్ చేస్తే నువ్వు "బాగానే ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తావు, ఆ తర్వాత అనేది రావడం లేదు, అందుకని ఇలా మెయిల్ రాస్తున్నా. పెద్ద విషయమేం లేదు, ఊరికే కబుర్లు. తీరిక చూసుకుని చదువు, మధ్యలో ఆపెయ్యకు.

మొన్న పద్మత్త వచ్చింది. వాళ్ళ అల్లుడు డబ్లిన్ నుంచి ఏదో పని మీద మీ ఊరు వచ్చాడట, రోడ్డు మీద ఒక కుర్రాడు గిటార్ పట్టుకుని పాడుతుంటే వీడియో తీశాడట. అందులో నువ్వున్నావు. చుట్టూ ఉన్నవాళ్ళతో కలిసి గొంతెత్తి పాడుతున్నావు. నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో, నేను ఆ వీడియో పద్మత్త ఫోన్‌లో చూసి, నా ఫోన్‌కి పంపించుకుని మళ్ళీ మళ్ళీ చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ చలిలో పల్చటి చొక్కా ఏంట్రా, నువ్వు వెళ్ళే ముందు కొనిచ్చిన జాకెట్ ఏమైంది? వీడియో తీసింది మంగళవారం మధ్యాహ్నం అని పద్మత్త రెండుసార్లు చెప్పింది. సెలవు పెట్టుకుని ఉంటాడులే అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయింది, నేను కాఫీ కలపడానికి లేచాను.

సరే, అది అలా ఉంచు. నేను రాయాలనుకున్నది ఆ పాట గురించి. మొదటి లైను వినగానే గుర్తుపట్టాను, జాంబీ అది, ఐర్లాండ్ బ్యాండు క్రాన్‌బెర్రీస్ వాళ్ళది. అమ్మకి ఇంగ్లీషు పాటలేం తెలుసు అనుకుంటావేమో. ఆ పాట నువ్వు పుట్టకముందే మన ఇంట్లో ఉంది.

చిన్నమామయ్య అప్పుడు కాకినాడలో ఇంజనీరింగ్ చదివేవాడు. 1995 వేసవి సెలవులకి వస్తూ హాస్టల్లో ఎవరిదో క్యాసెట్ తెచ్చాడు. ఇంట్లో తాతయ్య టూ-ఇన్-వన్ ఒకటే, అందులో వార్తలూ, ఘంటసాల పాటలూ తప్ప ఇంకేం మోగేవి కావు. తాతయ్య కోర్టు పని మీద కాకినాడ వెళ్ళిన రోజు చూసి మామయ్య ఆ క్యాసెట్ పెట్టాడు. గిటార్లు ఒక్కసారి గుప్పుమనేసరికి పెరట్లో ఒడియాలు తీస్తున్న అమ్మమ్మ చేతులు కడుక్కోకుండానే లోపలికి వచ్చింది. ఇంతలో ఆ అమ్మాయి గొంతు మొదలైంది. నీకు తెలుసుగా, పాట చివర్లో మాటలు అయిపోయి ఒట్టి గొంతే మిగులుతుంది, విరిచి విరిచి లాగుతుంది. అమ్మమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎవరు పోయార్రా, ఆ పిల్ల అలా శోకాలు పెడుతోంది?" అంది. మామయ్య నవ్వి, ఎవరూ పోలేదు, ఇంగ్లీషు పాట, దెయ్యాల పాట అన్నాడు. దీపాలు పెట్టేవేళ ఇంట్లో ఏడుపులేంటి, కట్టెయ్ అని కేకలేసింది. కట్టేశాడు. మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ, "నిన్నటి పిల్ల ఎందుకేడుస్తోందో కనుక్కున్నావా?" అని అడిగింది. వాడికేం తెలుసు? క్యాసెట్ మీద పాటల పేర్లు తప్ప ఇంకేం లేదు. తర్వాత మామయ్య సెలవులకి వచ్చిన ప్రతిసారీ, తాతయ్య ఇంట్లో లేని పూట చూసి, పగటిపూటే, "ఆ ఏడ్చే పిల్ల పాట పెట్టరా" అనేది. ఒక పక్కగా కూర్చుని వినేది, మాట్లాడేది కాదు. నా తోడబుట్టిన రాజా పోయిన దగ్గర్నుంచి అమ్మమ్మ పాటలు వినడమే మానేసిందని నీకు తెలుసు. మా పెళ్ళిలో సన్నాయి కూడా ఆవిడ సరిగ్గా వినలేదు. అలాంటి మనిషి అది అడిగి పెట్టించుకునేది. మామయ్య పెద్దవాడయ్యాక, ఉద్యోగం వచ్చాక, బెంగళూరు వెళ్ళాక కూడా, ఫోన్‌లో బాగున్నావా అని అడిగాక ఆ పిల్ల కబురేంటని అడిగేది.

నీ వీడియో చూశాక నేను కూర్చుని ఆ పాట గురించి చదివాను. రాత్రి ఎటూ నిద్ర పట్టలేదు.

1993 మార్చి 20, శనివారం. ఇంగ్లండ్‌లో వారింగ్టన్ అనే ఊరు. అక్కడివాళ్ళకి మర్నాడు మాతృదినం. బ్రిడ్జ్ స్ట్రీట్‌లో జనం బజారు చేసుకుంటున్నారు. ఉత్తర ఐర్లాండ్‌ని బ్రిటన్ నుంచి విడదీయాలని ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ వాళ్ళు చెత్త డబ్బాల్లో పెట్టిన రెండు బాంబులు ఒకదాని వెంట ఒకటి పేలాయి. ఇనప డబ్బాలు కావడంతో ఆ ముక్కలే జనం మీదకి ఎగిరాయి. జొనాథన్ బాల్ అని మూడేళ్ళ పిల్లాడు అక్కడికక్కడే పోయాడు. వాళ్ళమ్మకి ఇవ్వడానికి కార్డు కొందామని ఆయాతో బజారుకి వచ్చాడట. టిమ్ ప్యారీ అని పన్నెండేళ్ళవాడు, ఫుట్‌బాల్ నిక్కరు కొనుక్కోవడానికి వచ్చినవాడు, అయిదు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయాడు. యాభై మందికి పైగా గాయపడ్డారు.

అప్పుడు మీ లిమరిక్ పిల్ల, ఆ పాట పాడిన డొలోరెస్ ఓ'రియోర్డన్ బ్యాండుతో ఇంగ్లండ్‌లో కచేరీల్లో తిరుగుతోంది. ఇరవై ఒక్కేళ్ళు. బాలిబ్రికెన్ అనే పల్లెటూరి పిల్ల, చర్చిలో పాడుతూ పెరిగింది. తన దేశం పేరు చెప్పి చిన్నపిల్లల్ని చంపారని కడుపు మండి ఆ పాట కట్టింది. 1994 సెప్టెంబరులో విడుదలైంది. అంతకు సరిగ్గా ముందు, ఆగస్టు 31న ఐఆర్ఏ కాల్పుల విరమణ ప్రకటించింది, 1998లో శాంతి ఒప్పందం కుదిరింది. పాటలో 1916 అని వస్తుందే, అది డబ్లిన్‌లో బ్రిటిష్‌వాళ్ళ మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఏడాది. అప్పటి పగే ఇంకా తలలో తిరుగుతోందని ఆ పిల్ల అంటోంది. అమ్మమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు, కానీ అది బిడ్డలు పోయిన ఏడుపని ఆ గుమ్మంలో నిలబడే పట్టుకుంది. ఇదంతా ఆవిడకి చెప్పడానికి ఇప్పుడు ఆవిడ లేదు. నీకైనా చెబుతున్నా.

పాటంటే అలా ఉండాలి చిన్నా. ముప్పై ఏళ్ళు దాటినా ఇంకా పని చేస్తూనే ఉంది. దాని వీడియో 2020లో యూట్యూబ్‌లో వంద కోట్లు దాటింది. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ వీధుల్లో తుపాకులు పట్టుకున్న సైనికులూ, ఆడుకునే పిల్లలూ కనిపిస్తారు, డొలోరెస్ ఏమో ఒళ్ళంతా బంగారు రంగు పూసుకుని శిలువ ముందు నిలబడుతుంది. 2023 ప్రపంచ కప్ రగ్బీలో ప్యారిస్‌లో సౌతాఫ్రికాని 13-8తో గెలిచాక ఐర్లాండ్ అభిమానులు స్టేడియమంతా మోగేలా పాడారు. దాని మీద పెద్ద వాదన నడిచింది. ఉత్తర ఐర్లాండ్‌లో కొందరు మా పిల్లలూ చచ్చిపోయారు, వాళ్ళ కోసం ఎవరూ పాట కట్టలేదు, ఇప్పుడు గెలుపు పాటగా ఇదే పాడతారా అన్నారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు. అయినా పాడటం మంచిదే అని నా అభిప్రాయం. పాడేవాళ్ళకి ఆ ఇద్దరు పిల్లల పేర్లు తెలిసి ఉండాలి, అంతే. నువ్వు పాడేటప్పుడు నీకు తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలిసింది కదా, ఇకమీదట అలా పాడు.

ఆ డొలోరెస్ 2018 జనవరి 15న పోయింది. నలభై ఆరేళ్ళకే. లండన్ హోటల్లో, మద్యం మత్తులో స్నానాల తొట్టిలో మునిగి పోయిందని విచారణలో తేలింది. ఆ రోజే బ్యాడ్ వూల్వ్స్ అనే అమెరికా బ్యాండు ఇదే పాట మళ్ళీ చేస్తుంటే వాళ్ళతో గొంతు కలపాల్సి ఉంది. ముగ్గురు పిల్లల తల్లి. అంత గొంతు, అంత పేరు, గదిలో పక్కన మనిషి లేదు. నేను నిన్నేమీ అనడం లేదు, నువ్వు తాగుతావని అనడం లేదు. అక్కడ చలి, చీకటి, ఒంటరితనం అన్నీ కలిస్తే ఎంత తెలివైనవాళ్ళయినా దానివైపు జారతారు. పని లేని రోజుల్లో మరీను. పొద్దున్నే లేవాలి, స్నానం చెయ్యాలి, ఏదో ఒకటి వండుకోవాలి. బయట కొనుక్కుంటే డబ్బుకి డబ్బు, ఒంటికి ఒళ్ళు. కుక్కర్ ఉందిగా, పప్పు, అన్నం ఒకేసారి అయిపోతాయి. గదిలో గోడకి బూజు పట్టిందన్నావు, ఓనర్‌కి చెప్పావా? ఆ గాలి పీలిస్తే నీకు చిన్నప్పటి దగ్గు తిరగబెడుతుంది. డాక్టర్ దగ్గరకి వెళ్ళి విటమిన్ డి కూడా చూపించుకో.

ఒక్క సంగతి మాత్రం నాకు మనసులోంచి పోవడం లేదు. ఆ టిమ్ వాళ్ళ నాన్న, కోలిన్ ప్యారీ. కొడుకు పోయాక ఆయనా ఆయన భార్యా పగ పెట్టుకోలేదు. పిల్లలిద్దరి పేరు మీద సంస్థ పెట్టి, 2000లో వారింగ్టన్‌లోనే శాంతి కేంద్రం కట్టించారు. ప్రపంచమంతా ఆయన కొడుకు పాట పాడుతోంది, ఆయనకి మాత్రం తెలియదు. 2018లో డొలోరెస్ పోయాక, భార్య ఇంటికొచ్చి చెబితే అప్పుడు తెలిసింది. ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని మొదటిసారి మాటలు శ్రద్ధగా విన్నాడట. ఆయనకి నచ్చింది, చాలా గొప్పగా ఉందన్నాడు. కానీ ఇరవై మూడేళ్ళు చిన్నా! షాపుల్లో, రేడియోలో, పక్కింట్లో ఆ పాట ఎన్నిసార్లు మోగి ఉంటుందో. అందరి నోటా ఉన్నది తన బిడ్డ గురించే అని తండ్రికి తెలియకుండా ఉండిపోయింది.

అందుకే అడుగుతున్నా. నీ గురించి పద్మత్త అల్లుడికి తెలిసి, పద్మత్తకి తెలిసి, వాళ్ళ వీధిలో తెలిసి, నాకు చివర్లో తెలియకూడదు. ఉద్యోగం పోయిందా? పోతే పోయిందని చెప్పు. నువ్వే మానేశావా? ఎందుకని అడుగుతాను, తిడతాను కూడా, కానీ ఆ తర్వాత ఏం చెయ్యాలో ముగ్గురం కూర్చుని ఆలోచిద్దాం. మీ నాన్నకి నేనింకా చెప్పలేదు, కానీ ఆయన రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని మీ దేశం వీసా రూల్స్ చదువుతుంటే చూశాను. ఉద్యోగం పోయినా వేరేది వెతుక్కోవడానికి టైమిస్తారట, కానీ తెలియజెయ్యాల్సిన చోట వెంటనే తెలియజెయ్యాలట. ఆ పని చేశావా? లోను వాయిదా ఈ నెల మేం కట్టేస్తాం, దాని గురించి టెన్షన్ పడకు. నీ అకౌంట్‌లో ఎంతుందో మాత్రం నిజం చెప్పు.

పద్మత్త వాళ్ళమ్మాయి వచ్చే వారం ఇక్కడి నుంచి డబ్లిన్ వెళ్తోంది. ఆ పిల్లతో గోంగూర పచ్చడి, కందిపొడి, కాస్త సున్నుండలు పంపిస్తున్నా. నెయ్యి వద్దంది, ఎయిర్‌పోర్టులో పేచీ పెడతారట. నీకు స్వెటర్ కూడా పెట్టాలి. వీడియోలో చూస్తే భుజాల దగ్గర తగ్గినట్టున్నావు, పాత కొలతకి కొంటే వదులవుతుంది. ఎమ్ తెమ్మంటావా, ఎల్ తెమ్మంటావా? ఇవాళే చెప్పు, రేపు సాయంత్రం కొట్టు కట్టేసేలోపు మీ నాన్నని పంపిస్తాను.

అమ్మ