ఆషాఢం అడ్వాన్సులు, అల్మారాలో ఆధార్ కార్డులు: మన సంఘం వార్షిక నివేదిక

లారీ యజమానులకు, ముఠా మేస్త్రీలకు, హమాలీ అన్నలకు, డ్రైవర్లకు, గోదాము గుమాస్తాలకు కార్యదర్శి నమస్కారాలు.

2025 ఉగాది నుంచి 2026 ఉగాది దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. ఆఫీసు రేకులు మార్చిన సంగతి, మేడారం జాతరకు బండ్ల సీరియల్ పెట్టుకున్న సంగతి మీకు తెలిసినవే. ఇళ్ల సామాన్లు మార్చే మన పనిలో అడ్వాన్సు బాకీతో మనిషిని కట్టిపడేసే వెట్టిచాకిరీ ఉందా అన్న ఒక్క విషయం చుట్టే ఈ ఏడాది మన సమయం, మన తగాదాలు చాలావరకు తిరిగాయి కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

అంతా ఒక కాగితంతో మొదలైంది. ఇళ్ల సామాన్లు విదేశాలకు చేరవేసే ఒక పెద్ద కంపెనీకి హైదరాబాద్‌లో కాంట్రాక్టరు ఉన్నాడు. వరంగల్, కరీంనగర్ వైపు పని పడితే మన బండ్లు మాట్లాడుకుంటాడు. వేసవిలో ఆయన దగ్గర్నుంచి రెండు పేజీల హామీపత్రం వచ్చింది. మా పనిలో గానీ, మాకు సరుకు వేసేవాళ్ల పనిలో గానీ బలవంతపు చాకిరీ లేదని సంతకం చేయాలట. బ్రిటన్‌లో 2015లో ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. ఏడాదికి 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన వ్యాపారం చేసే కంపెనీలు తమ దగ్గరా, తమకు సరఫరా చేసేవాళ్ల దగ్గరా అలాంటి చాకిరీ లేకుండా ఏం చేస్తున్నాయో ఏటా ప్రకటించాలి. వాళ్లు కింది కాంట్రాక్టరును అడుగుతారు, ఆయన తన కిందివాళ్లను అడుగుతాడు. అలా దిగుతూ ఆ కాగితం ఆటోనగర్ దాకా వచ్చింది. మనలో చాలామంది చదవకుండానే సంతకం పెట్టారు. నేనూ పెట్టాను.

రెండు రోజుల తర్వాత ఏదో బిల్లు కోసం అల్మారా తీస్తే రబ్బరు బ్యాండు చుట్టిన ఆధార్ కార్డుల కట్ట కనబడింది. బీహార్, ఒడిశా నుంచి పనికి వచ్చిన కుర్రాళ్లవి. అడ్వాన్సు తీసుకున్నవాళ్లు చెప్పకుండా పోతారని, కూలీలను కుదిర్చే ముఠా మేస్త్రీ తెచ్చి ఇస్తే నేనే లోపల పెట్టి తాళం వేశాను. మా తమ్ముడు సౌదీలో ఉన్నప్పుడు కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు ఇవ్వక, అమ్మ పోతే చివరిచూపుకు రాలేకపోయాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చుట్టాలున్న ఎవరిని అడిగినా ఇలాంటిదొకటి చెబుతారు. ఆ కఫీల్‌ను మా ఇంటిల్లిపాదీ ఎన్ని శాపనార్థాలు పెట్టామో నాకు బాగా గుర్తుంది. ఆ సాయంత్రమే ఎవరి కార్డు వాళ్ల చేతికి ఇచ్చేశాను. ఇద్దరు మర్నాడే రైలెక్కి వెళ్లిపోయారు. వెళ్లే హక్కు వాళ్లకు మొదట్నుంచీ ఉంది.

జులై 4న, దొడ్డి కొమురయ్య వర్ధంతి రోజున, ఈ విషయం మీద అందరం కూర్చున్నాం. 1946లో వెట్టికీ దొరల దౌర్జన్యానికీ ఎదురు తిరిగి ఆయన ప్రాణం వదిలిన కడవెండి మన పక్క జనగామ జిల్లాలోనే ఉంది. మీటింగులో మొదటి గంటంతా కోపమే. "బానిసత్వమంటరేంది? మనం గొలుసులేసి కొడుతున్నమా?" అన్నారు. అప్పుడు ఎనుమాముల మార్కెట్‌లో మూటలు మోసి మన దగ్గరికి వచ్చిన పెద్దాయన లేచాడు. "మా నాయిన లగ్గానికి మా తాత దొర దగ్గర వడ్లు తెచ్చిండు. ఆ బాకీ కింద మా నాయిన అప్పట్నుంచి దొర దగ్గర పాలేరుగ జీతముండె. ముసలోడైనా బాకీ తీరలె. గొలుసులు మేమూ చూడలె" అని కూర్చున్నాడు. తర్వాత మాట్లాడినవాళ్ల గొంతులు తగ్గాయి.

మన పనిలో బాకీ ఎప్పుడు పుడుతుందో వెతికితే ఆషాఢంలో దొరికింది. మే, జూన్‌లలో బదిలీలు, బడులు తెరవడాలు, మనకు తిండికి తీరిక ఉండదు. ఆషాఢం రాగానే శూన్యమాసమని ఇల్లు మారేవాళ్లు ఉండరు. బండి ఆగితే యజమానికి కిస్తీ కష్టం, హమాలీకి బియ్యమే కష్టం. అప్పుడు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. శ్రావణంలో గృహప్రవేశాలు మొదలై కూలి రేటు పెరుగుతుంది గానీ, అడ్వాన్సు తీసుకున్నవాడికి పాత రేటే. వేరే ముఠాకు పోవడానికి లేదు. ఫ్రిజ్‌కు సొట్ట పడితే కోత, అద్దం పగిలితే కోత, గది కిరాయి కోత. నిరుటి నోటుబుక్కు ఒకటి అందరి ముందు చదివాం. 8,000 రూపాయలు తీసుకున్న కుర్రాడు రెండు నెలలు మెట్లెక్కి బీరువాలు మోశాక దసరాకు ఇంకా 7,500 బాకీ ఉన్నాడు.

అడ్వాన్సు ఇవ్వడం నేరం కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని మనిషిని కదలనివ్వకపోయినా, వేరే పనికి పోనివ్వకపోయినా, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకున్నా అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. మూడేళ్ల దాకా జైలు. ఆ బాకీ చెల్లదు, వసూలు చేయడమూ నేరమే. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సిన భారం కూడా అప్పు ఇచ్చినవాడి మీదే ఉంటుంది. ఈ మాట విన్నప్పుడు హాలులో చాలామంది ముఖాలు మారాయి. ఆ మీటింగు తర్వాత, 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఇది పోయిందేమోనని కొందరు అడిగారు. పోలేదు. ఫిర్యాదు కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ ఇవ్వొచ్చు. విడిపించినవాళ్లకు కేంద్ర పథకం కింద పురుషులకు లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో 3 లక్షలు పునరావాస సాయం ఉంది.

జులై మీటింగు తర్వాత పనివాళ్ల ఆధార్, లైసెన్సు ఎవరూ దగ్గర పెట్టుకోకూడదని తీర్మానించాం. జిరాక్స్ చాలు. మేస్త్రీ చేతికి గుత్తగా ఇచ్చే కూలి ఇప్పుడు ఎవరిది వాళ్ల ఫోన్‌పేకు గానీ, చేతికి గానీ వెళ్తోంది. మేస్త్రీకి కమీషన్ యజమానే ఇస్తాడు. దీనివల్ల ఒక పాత మేస్త్రీ సంఘం వదిలి వెళ్లాడు. మంచి పనివాడు, నాకు బాధగానే ఉంది. గోదాముల్లో పడుకునేవాళ్లను లోపల ఉంచి బయట తాళం వేసే అలవాటు మాన్పించడానికి మూడు నెలలు పట్టింది. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము తగలబడి, అక్కడే పడుకున్న 11 మంది బీహార్ కార్మికులు చనిపోయారు. మన గోదాముల్లో ఉండేది అట్టలు, దుప్పట్లు, బబుల్ షీటు. ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

సరుకు వేసేవాళ్ల సంగతి కష్టంగా ఉంది. మనం అట్టపెట్టెలు కొనే ఒక షెడ్డుకు రాత్రి పూట వెళ్తే పన్నెండు పదమూడేళ్ల పిల్లలు పిన్నులు కొడుతూ కనిపించారు. ముందు యజమానితో మాట్లాడదామని కొందరన్నారు. మాట్లాడితే తెల్లారేసరికి పిల్లలను వేరే చోటికి మారుస్తారని నేను ఒప్పుకోలేదు. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేశాం, అధికారులు వచ్చి పిల్లలను తీసుకెళ్లారు. పద్నాలుగేళ్ల లోపు వాళ్లను పనిలో పెడితే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు గానీ, 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇప్పుడు పెట్టెలు వేరే చోట ఎక్కువ ధరకు కొంటున్నాం. ఆ తేడా మీద ఇంకా సణుగుడు ఉంది, ఉండనివ్వండి. మన బండ్ల మీద క్లీనర్లుగా ఉన్న చిన్నపిల్లలను దించేశాం గానీ, అందరూ బడికి పోతున్నారని రాయలేను. ఇద్దరి ఇళ్లకు మళ్లీ వెళ్లాలి. గోనెసంచులు, చెక్కపెట్టెలు ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయో చూసే పని అసలు మొదలే కాలేదు.

ఇక డబ్బు మాట. ఆషాఢంలో అప్పు అవసరం లేకుండా పోదు. అందుకే ట్రిప్పుకు 20 రూపాయల చొప్పున సంఘం నిధి పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది. వడ్డీ ఉండదు, ఫలానా ముఠాలోనే పని చేయాలనే షరతు ఉండదు. ఊరికి వెళ్లిపోయినా అక్కడి నుంచే కట్టుకోవచ్చు. ఎగ్గొట్టేవాళ్లుంటే ఆ నష్టం నిధే భరిస్తుంది. ఈ ఏడు ఆషాఢం కంటే ముందు అధిక జ్యేష్ఠం కూడా ఉంది, మే 17న మొదలవుతుంది. బేరాలు లేని నెలలు రెండవుతాయి. కాబట్టి సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానాన్నే మొదట చర్చకు తీసుకుంటున్నాం. యజమానులు తమ బండ్ల ట్రిప్పుల పుస్తకాలు వెంట తేవాలి.