షిరాగా ప్రింట్లు ఇక వేయడం లేదు

మొన్న వైజాగ్ నుంచి ఒకావిడ ఫోటో పంపారు. ఆరు నెలల కిందట మా దగ్గర కొన్న, జపాన్ చిత్రకారుడు కజువో షిరాగా బొమ్మ ప్రింటు ఫ్రేములోనే అలలు తేలింది. ఒక మూల అద్దానికి అతుక్కుపోయింది. "ఆర్కైవల్ అన్నారు కదండీ?" అని అడిగారు.

తప్పు మాదే. ఆర్కైవల్ అంటే యాసిడ్ లేని కాటన్ కాగితం, పిగ్మెంట్ ఇంకు. నేరుగా ఎండ తగలకపోతే రంగు చాలా ఏళ్లు వెలవదు, అంతే. తేమకు కాటన్ ఉబ్బుతుంది. అద్దానికీ ప్రింటుకీ మధ్య మౌంట్ బోర్డు (రెండూ తగలకుండా ఎడం ఉంచే అట్ట) పెట్టించమని మేం చెప్పాల్సింది, చెప్పలేదు.

ఆ ఫోటో చూశాక ఇంకొకటి కూడా ఒప్పుకోవాలనిపించింది. షిరాగా తాడు పట్టుకుని వేలాడుతూ, నేల మీద పరిచిన కాన్వాసుపై పాదాలతో రంగు తొక్కినవాడు. ఆ రంగు గట్లు కట్టి ఉంటుంది. గట్ల మీద పడే వెలుగూ నీడా కలిస్తేనే ఆ బొమ్మ. మా ప్రింటులో ఆ నీడ ఎప్పటికీ ఒకే వైపు ఉంటుంది, మీ కిటికీ ఎటున్నా సరే. ఎరుపు సంగతి చెప్పక్కర్లేదు. నాలుగు ప్రూఫులు (పరీక్ష ప్రింట్లు) తీశాం, నాలుగూ ఇటుక రంగే. షిరాగా కూడా సభ్యుడైన గుతాయ్ అనే చిత్రకారుల బృందాన్ని 1954లో జపాన్‌లోని అషియాలో మొదలుపెట్టిన జిరో యోషిహారా, పదార్థాన్ని మార్చకుండా దానికి ప్రాణం పోయాలని ఆ బృందం 1956 ప్రణాళికలో (మేనిఫెస్టోలో) రాశాడు. మేమేమో పదార్థం తీసేసి మిగిలింది అమ్మాం.

యోషిహారా వేసిన వృత్తాల బొమ్మలు మాత్రం అమ్మకంలో ఉంటాయి. అవి చాలావరకు చదునైనవి, కాగితం మీద బాగా నిలుస్తాయి. మెరుపులేని మ్యాట్ కాగితం మీద నలుపు బొగ్గులా వెలిసినట్టుందని, నలుపు చిక్కగా వచ్చే బరైటా అనే పూత కాగితానికి మారాం. ధర పెరుగుతుంది.

"పాత బొమ్మలే కదా, అంత రేటెందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. యోషిహారా పోయింది 1972లో. జపాన్‌లో కాపీరైట్ అప్పట్లో మరణానంతరం 50 ఏళ్లే, 2018 చివర్లో 70 చేశారు. అంటే అక్కడ 2042 చివరిదాకా హక్కులు వారసులవే. మీరిచ్చే డబ్బులో వాళ్ల వాటా ఉంది.

షిరాగా ప్రింటు కొన్నవాళ్లు ఆర్డర్ నంబర్ పంపండి, డబ్బు మొత్తం వెనక్కి వేస్తాం. ప్రింటు తిరిగి పంపక్కర్లేదు. ఉంచుకుంటే మాత్రం ఈ వారమే మౌంట్ బోర్డు వేయించండి, వానలు రాకముందే.