గిటార్ సంగతి ఏమిటమ్మా?

చిన్నీ,

ఎలా ఉన్నావు తల్లీ? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గగానే మాత్రలు మానేసింది, నేను చెబితే వినదు, నువ్వే గట్టిగా చెప్పు. లలితత్తయ్య వాళ్లు అరుగు పగలగొట్టించి టైల్స్ వేయిస్తున్నారు, రోజంతా ఒకటే దుమ్ము. ముంబైలో వానలు ఎక్కువగా ఉన్నాయని టీవీలో చూపిస్తున్నారు. లోకల్ ట్రైన్ మధ్యలో ఆగిపోతే అందరూ దిగారని నువ్వు కూడా దిగి పట్టాల వెంట నడవకు. ఎంత రాత్రయినా ఆఫీసులోనే ఉండి వాన తగ్గాక బయల్దేరు.

మొన్న శ్రీను ఫోన్ చేశాడు. అవీ ఇవీ మాట్లాడి, పెట్టేసే ముందు నువ్వు గిటార్ అమ్మేశావని అన్నాడు. వాడికెవరు చెప్పారో నేను అడగలేదు. రూములో చోటు లేక అమ్మావో, డబ్బు అవసరమై అమ్మావో, అసలు అమ్మనే లేదో. సరే, అది నీ వస్తువు, నీ ఇష్టం. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

ఆదివారం రాత్రి నేనూ అమ్మా ‘రాక్ ఆన్’ పెట్టుకుని చూశాం, నలుగురు స్నేహితులు బ్యాండు పెట్టి, విడిపోయి, ఏళ్ల తర్వాత మళ్లీ కలిసే ఆ హిందీ సినిమా. ఇంటర్‌లో ఉన్నప్పుడు నువ్వు మాటిమాటికీ పెట్టుకునేదానివి కదా, అదే, 2008లో వచ్చింది. అప్పట్లో పక్క గదిలోంచి పాటలు విన్నానే గానీ కుదురుగా కూర్చుని చూసింది ఇప్పుడే. అప్పటిదాకా డైరెక్టరుగా ఉన్న ఫర్హాన్ అఖ్తర్‌ని జనం హీరోగా చూసింది ఈ సినిమాతోనే, పైగా పాటలు కూడా తనే పాడుకున్నాడు. కాస్త గరుకు గొంతు. కానీ అక్కడ మన బాలూ గారి లాంటి గొంతు పెట్టి ఉంటే నలుగురు స్నేహితులు ఒక గదిలో వాయించుకుంటున్నట్టు ఉండేది కాదు, సంగీతం చేసిన శంకర్-ఎహసాన్-లాయ్ ఆ సంగతి బాగా పట్టుకున్నారు. వారం రోజుల్లో ఏమేం పోగొట్టుకున్నాడో లెక్క చెప్పే పాట ఒకటుంది చూడు, లాండ్రీ బిల్లు, సగం చదివిన నవల అంటూ. పాట రాసిన జావేద్ అఖ్తర్ ఎంత చిన్న చిన్న వస్తువులు ఏరుకున్నాడో! అది వస్తున్నంతసేపూ నాకు నీ గిటారే గుర్తొచ్చింది.

బ్యాండులో గిటార్ వాయించే జో వేషానికి అర్జున్ రాంపాల్‌కి జాతీయ అవార్డు వచ్చింది, ఇవ్వాల్సిందే. మీ అమ్మ మాత్రం జో భార్య డెబ్బీ పక్షం. ఆయన గిటార్ పట్టుకుని మౌనంగా కూర్చుంటే ఆ పిల్ల చేపల వ్యాపారం చూసుకుంటూ ఇల్లు నడిపిందని, అవార్డు ఆమెకే ఇవ్వాలని అంది. నిజమే. నాకు మాత్రం ఫర్హాన్ వేసిన ఆదిత్య దగ్గర మనసు ఆగిపోయింది. పెద్ద బ్యాంకు ఉద్యోగం, పెద్ద ఇల్లు, కావలసినంత డబ్బు, మనిషి ముఖంలో నవ్వు లేదు. ఒకప్పుడు పాడేవాడన్న సంగతి కట్టుకున్న భార్యకే తెలియదు! నువ్వు కూడా ఈమధ్య ఫోనులో ‘బాగున్నాను, బిజీగా ఉన్నాను, పెట్టేస్తున్నా నాన్నా’ తప్ప ఇంకో మాట మాట్లాడటం లేదు.

ఆ సినిమా చూస్తుంటే మన వెంకట్రావు బాబాయ్ ట్రూపు గుర్తొచ్చింది. నీకు కొంత తెలుసు, మొత్తం తెలియదు. దసరా పందిళ్లకీ పెళ్లిళ్లకీ రాజమండ్రి చుట్టుపక్కల అంతా వాళ్లనే పిలిచేవారు. మూర్తి పాడేవాడు, బాబాయ్ గిటార్, ప్యాడ్స్ వాయించడానికి ధవళేశ్వరం నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. మైకు సెట్టు వాడితో బేరం దగ్గర్నుంచి అందరికీ భోజనాలు పెట్టించడం దాకా బాబాయే చూసేవాడు. ఒకసారి కోనసీమలో తీర్థానికి ప్రోగ్రాం ఒప్పుకుని వెళ్తే, స్టేజీ వెనక కట్టిన బ్యానరు మీద ‘మూర్తి అండ్ పార్టీ’ అని రాసి ఉంది. రాయించింది ఆ ఊరివాళ్లే, మూర్తి తప్పేం లేదు. కానీ మూర్తి దాన్ని చూసి కూడా ఏమీ అనలేదు. బాబాయ్ కూడా ఏమీ అనలేదు. ప్రోగ్రాం ఆఖరి పాట దాకా వాయించాడు, అదే వ్యానులో అందరితో కలిసి ఇంటికొచ్చాడు, తెల్లారి గిటార్ అటకెక్కించి ఎరువుల కొట్టులో గుమాస్తాగా చేరాడు. సినిమాలో మ్యూజిక్ వీడియో తీసే దగ్గర గొడవపడి విడిపోతారు కదా, ఇక్కడ గొడవైనా లేదు. చాలా ఏళ్లకి చంటి పెళ్లిలో మూర్తి వచ్చి, ‘ఒక్క పాట వెంకట్రావూ’ అని బతిమాలి ఎవరిదో గిటార్ తెచ్చి బాబాయ్ ఒళ్లో పెట్టాడు. మూర్తి పల్లవి ఎత్తుకున్నాడు. బాబాయ్‌కి పాట అంతా గుర్తుంది, వేళ్లు ఎక్కడ పడాలో కూడా తెలుసు, కానీ తీగ మీద నొక్కిపెట్టలేకపోయాడు. చరణంలోకి వెళ్లేసరికి వేళ్లు మండిపోయి గిటార్ పక్కన పెట్టి వడ్డన చూడాలంటూ లేచిపోయాడు. అందుకే, అన్నేళ్ల తర్వాత కాస్త ప్రాక్టీసుతో మళ్లీ స్టేజీ ఎక్కి అదరగొట్టేయడం నాకు సినిమాలో నచ్చలేదు. మిగతాదంతా నచ్చింది.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ ఎడమచేతి చూపుడువేలికి చెరుకు పేడు గుచ్చుకుంటే నేనే పిన్నీసుతో తీశాను, గుర్తుందా? కాలేజీ రోజుల్లో ఆ వేలి కొన కాయకాసి తీగల గాట్లతో ఉండేది, అక్కడ గిచ్చినా నీకు తెలిసేది కాదు. ఈసారి పిన్నీసు మొన తగలగానే చెయ్యి లాక్కున్నావు. శ్రీను చెప్పకముందే నాకు అనుమానం ఉందమ్మా.

ఉద్యోగం మానేసి బ్యాండు పెట్టమనడం లేదు. అలాంటి పని చేశావంటే నాకు నిద్ర పట్టదు. నెలజీతం పడాలి, పీఎఫ్ కట్టాలి, హెల్త్ ఇన్సూరెన్సు రెన్యువల్ మర్చిపోకూడదు. ఆ శంకర్ మహదేవన్ కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాడే, పాటని వదల్లేదు అంతే. వాయించడం మానకు. రోజూ ఓ పావుగంట చాలు. పక్కవాళ్లకి ఇబ్బందైతే మెల్లగా వాయించుకో, అదీ కుదరకపోతే ఆదివారం ఎక్కడైనా నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లు. భోజనం వేళకి చెయ్యి. రాత్రి పన్నెండింటికి నూడుల్స్ తింటే తిన్నట్టు కాదు.

మాగాయ, కందిపొడి, సున్నుండలు పార్సిల్ వేశాను, సెక్యూరిటీ అతనికి చెప్పి ఉంచు. సున్నుండలు ఆఫీసులో పంచిపెట్టేయకు. నీ ఖాతాలో కొంచెం డబ్బు కూడా వేశాను. అమ్మేసి ఉంటే కొన్నవాళ్లని అడిగి చూడు, తిరిగిస్తారేమో. ఇవ్వకపోతే ఇంకోటి కొనుక్కో, ఫర్లేదు. అమ్మకపోతే శ్రీనుని నేను చూసుకుంటాను.

ఆదివారం ఉదయం ఫోన్ చెయ్యి. అమ్మ గుడికి వెళ్లాక చెయ్యి, దానికి ఈ గిటార్ సంగతి ఇంకా చెప్పలేదు.

నాన్న