పాత హార్డ్ డిస్కును దుకాణంలో వదిలి రావద్దు

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడంతో పాత కంప్యూటరును పక్కన పెట్టి కొత్తది కొనేవారు, ఉన్నదానికే హార్డ్ డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే కొత్త తరహా నిల్వ పరికరం) వేయించుకునేవారు మన విశాఖలోనూ కనిపిస్తున్నారు. కొత్తది ఎంత వేగంగా పనిచేస్తోందో అందరూ చెప్పుకుంటారు గాని, బయటికి తీసిన పాత డిస్కు ఏమైందని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఇటీవల ఒక మరమ్మతు దుకాణంలో, కౌంటరు కింద అట్టపెట్టె నిండా ఇలా మిగిలిపోయిన డిస్కులు చూశాను. కొన్నింటిమీద యజమానుల పేర్లు స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. వాటిలో ఎవరి ఆధార్ ప్రతులు, ఎవరి ఇంటి దస్తావేజులు, ఎవరి పిల్లల పెళ్లి ఫొటోలు ఉన్నాయో! క్విక్ ఫార్మాట్ చేసినంత మాత్రాన, అంటే డిస్కును పైపైన ఖాళీ చేసినంత మాత్రాన, అవి చెరిగిపోవు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే వాటిలో చాలా వరకు తిరిగి రాబట్టవచ్చు.

ఆ డిస్కు ఇంకా పనిచేస్తున్నదైతే దానిని అడిగి ఇంటికి తెచ్చుకుని బ్యాకప్‌కు, అంటే ఫైళ్ల అదనపు ప్రతి దాచుకోవడానికి, వాడుకోవడం మంచిదని నా అభిప్రాయం. ల్యాప్‌టాప్ నుంచి తీసిన రెండున్నర అంగుళాల డిస్కుకు యూఎస్‌బీ కేసు (డిస్కును లోపల అమర్చి కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించే పెట్టె) ఒక్కటి కొంటే చాలు, కంప్యూటరు పోర్టు నుంచి వచ్చే 5 వోల్టులతోనే అది నడుస్తుంది. డెస్క్‌టాప్‌లోని మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కూడా కావాలి కనుక అడాప్టరుతో వచ్చే కేసు గాని, డిస్కును నిలబెట్టి గుచ్చే డాక్ గాని తీసుకోవాలి. ఏ వోల్టులు అవసరమో డిస్కుపై అంటించిన లేబుల్ మీదే ముద్రించి ఉంటుంది. వెడల్పాటి పట్టీ కేబుల్‌తో పనిచేసిన మరీ పాత ఐడీఈ డిస్కుల మీద డబ్బు పెట్టడం మాత్రం దండగ.

వాడే ముందు దాని ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాము డిస్కు తనలో తాను నమోదు చేసుకున్న వివరాలను చూపిస్తుంది. అందులో ‘రీఎలొకేటెడ్’, ‘పెండింగ్’ సెక్టార్ల (డిస్కుపై చెడిపోయిన, చెడిపోయినట్లు అనుమానమున్న చిన్న భాగాల) లెక్క సున్నా దగ్గర ఉంటే సరే, వారం వారం పెరుగుతూ ఉంటే ఆ డిస్కును నమ్మకూడదు. టిక్కుటిక్కుమనే శబ్దం వస్తే అది పాడవుతున్నట్లే, ఇక పరీక్షతో పనిలేదు. పరీక్షలో నెగ్గిన డిస్కు కూడా ఎప్పుడైనా ఆగిపోవచ్చు కాబట్టి దానిమీద ఉన్నది రెండో ప్రతో మూడో ప్రతో కావాలి తప్ప, కంప్యూటరులో జాగా ఖాళీ చేయడానికి ఫైళ్లను అక్కడికి తరలించి ఉన్న ఒక్క ప్రతినీ దానికే అప్పగించడం బ్యాకప్ అనిపించుకోదు.

కాపీ పూర్తయ్యాక డిస్కును కంప్యూటరు నుంచి విడదీసి దాచాలి. 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై వంటి వైరస్‌లు ఆ సమయంలో కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కుల్లోని ఫైళ్లకు కూడా తాళం వేస్తాయి. చాలామంది కేబుల్ తీయడానికి బద్ధకించి నెలల తరబడి అలాగే వదిలేస్తారు.

ఇక ఎక్కడ దాచాలన్న ప్రశ్న మన ఊరివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు కిటికీలు పగిలి, వాన గదుల్లోకి కొట్టి, కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేకుండా పోయాయి. అటువంటి రోజుల్లో క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వేరేచోట, దాచినవి ఉన్నా అందవు. కంప్యూటరు పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్కు కంప్యూటరుతో పాటే తడుస్తుంది. ఒక డిస్కును అనకాపల్లిలోనో విజయనగరంలోనో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచి, పండుగకు వెళ్లినప్పుడు కొత్త ప్రతితో మార్చుకోవచ్చు. అలా పంపేదాన్ని వెరాక్రిప్ట్ వంటి సాధనంతో పాస్‌వర్డ్ పెట్టి పంపడం మేలు, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలి. సముద్రపు గాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి కనుక మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి ఉంచి, రెండు మూడు నెలలకొకసారి తగిలించి కొన్ని ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి.

మరమ్మతు దుకాణాల వారికి ఒక విజ్ఞప్తి. పాత డిస్కును యజమానికి అప్పగించినట్లు బిల్లు మీదే ఒక వాక్యం రాసి ఇవ్వండి. పనికిరానివని తేలిన డిస్కులను పాత సామాన్ల బండికి వేయకుండా, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లర్లకే చేర్చండి. యజమానులు కూడా ఆ బిల్లులో ఈ వాక్యం ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు చెల్లించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అకౌంటెంటు,
సీతమ్మధార, విశాఖపట్నం