మొక్కల మడులకు ఏ కప్పు మేలు?

సంపాదకులకు నమస్కారం.

పెరటి తోటల గురించి రాసేవారు మల్చింగ్ (మొక్కల చుట్టూ మట్టిపై గడ్డి, ఆకుల వంటివి కప్పుగా పరచడం) చేయమని చెబుతున్నారు గాని, ఏ మడికి ఏది పరచాలో అంతగా వివరించడం లేదు. ఎంపిక మొక్కను బట్టి ఉండాలి. ఏటా తవ్వి నాటే కూరగాయల మడులకు ఎండుగడ్డి, ఎండుటాకుల వంటి త్వరగా కుళ్లి మట్టిలో కలిసేవి తగినవి. గింజలున్న గడ్డి పరిస్తే మాత్రం కలుపును మనమే విత్తినట్లవుతుంది. పచ్చిగడ్డిని మందంగా పోస్తే అట్టకట్టి నీటిని, గాలిని అడ్డుకుంటుంది కనుక ఆరబెట్టి పలుచగా పరచాలి.

చెక్కముక్కలు, బెరడు నిదానంగా కుళ్లుతాయి కాబట్టి పొదలకు, చెట్లకు అవే ఉత్తమం. అవి నేలలోని నత్రజనిని లాగేస్తాయన్న భయం చాలామందికి ఉంది. మట్టిలో కలిపి తవ్వినప్పుడే ఆ కొరత తీవ్రమవుతుంది. పైన పరిచినప్పుడు దాని ప్రభావం ఉపరితలానికే దాదాపుగా పరిమితం, లోతైన వేళ్లకు నష్టం ఉండదు.

ప్లాస్టిక్ షీటు కలుపును ఆపుతుంది, తేమను నిలుపుతుంది, కానీ నేలకు సేంద్రియ పదార్థాన్ని ఇవ్వదు. చిరిగిన ముక్కలు మట్టిలోనే మిగిలిపోతాయి. ఇంటి తోటకు దాన్ని నేను సూచించను.

ఎండుగడ్డి, ఎండుటాకులు, చెక్కముక్కల్లో ఏది వాడినా 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం చాలు. కాండం కుళ్లకుండా మొదలు చుట్టూ కొంత ఖాళీ తప్పక వదలాలి. తోటపని శీర్షికలో ఈ వివరాలకు చోటివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు