జపాన్‌లో మా అమ్మానాన్నలను చూసుకున్నవారికి కృతజ్ఞతలు

జపాన్‌లో బక్షీసు ఇచ్చే ఆచారం లేదు. ఒసాకా విమానాశ్రయంలో నాన్న కవరు చేతిలో పెట్టబోతే మా గైడు గారు నడుం వంచి నమస్కరించి, మెల్లగా వెనక్కి ఇచ్చేశారు. నచ్చి ఉంటే నలుగురికీ చెప్పమన్నారు, పేరు మాత్రం రాయవద్దన్నారు. అందుకే ఆవిడ పేరు లేకుండానే ఈ నాలుగు మాటలు.

ఇది చవక యాత్రేమీ కాదు. అమ్మానాన్నల పెళ్లయి యాభై ఏళ్లు నిండాయని అన్నయ్యా నేనూ కలిసి పెట్టుకున్న ఖర్చు. టోక్యో, క్యోటో, కోయాసాన్, చివర ఒసాకా. మా కుటుంబం వరకే ఒక గైడు, ఒక వ్యాను, తెల్ల చేతితొడుగులు వేసుకున్న డ్రైవరు. అంత డబ్బు పోయడం అవసరమా అని బంధువులు చాలామందే అడిగారు. బ్రోషర్లో గొప్పగా వేసిన పెద్ద గదుల కోసమే అయితే అవసరం లేదనే నేనూ అంటాను. మాకు దక్కిన సౌఖ్యం వేరు. మేం ఎక్కడ అడుగుపెట్టినా, మా అవసరాలేమిటో అక్కడివాళ్లకు ముందే తెలిసి ఉండేవి.

అమ్మ శాకాహారి, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టదు. జపాన్ వంటల్లో ముక్క కనబడకపోతే చాలదు. మిసో సూపు, సోబా నూడుల్స్ ముంచుకునే పులుసు, ఉడికించిన ముల్లంగి, అన్నిటికీ ఆధారం దాషి అనే రసం. ఆ దాషిని ఎక్కువగా కట్సువొబుషితో, అంటే పొగబెట్టి ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో కాస్తారు. కంటికి కనబడదు. టోక్యోలో మొదటి ఉదయం ఒక హోటల్లో శాకాహారమని తెచ్చిన గిన్నె అమ్మ నోటిదాకా వెళ్లింది. గైడు గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చారు. చేప రసమే.

మధ్యాహ్నానికల్లా జపనీస్‌లో చేత్తో రాసిన ఒక కార్డు అమ్మ సంచిలో ఉంది. మాంసం, చేప, గుడ్డు, చేప దాషి, ఉల్లి, వెల్లుల్లి పనికిరావు. కొంబు అనే సముద్రపు నాచుతోనో షిటాకే పుట్టగొడుగులతోనో కాచిన దాషి ఫర్వాలేదు. పాలు, పెరుగు తింటారు. అదీ కార్డులోని సారాంశం. అంతటితో వదల్లేదు. మర్నాడు భోంచేయబోయే ప్రతిచోటికీ ముందురోజు రాత్రే ఫోన్ చేసేవారు. తీరా వెళ్లాక అమ్మ కార్డు తీస్తే, తెలుసన్నట్టు వాళ్లే తల ఊపేవారు.

కోయాసాన్‌లో ఆ కార్డుతో పనే పడలేదు. వకయామా కొండల మీద క్రీ.శ. 816లో కూకై అనే సన్యాసి నెలకొల్పిన శింగోన్ బౌద్ధ క్షేత్రం అది. ఇప్పటికీ వందకు పైగా ఆలయాలున్నాయి, వాటిలో యాభైకి పైగా యాత్రికులకు బస ఇస్తాయి. అక్కడి భోజనం శోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ ఆలయాల శాకాహార వంట. మాంసం, చేపలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే. నువ్వుల ముద్దను కుడ్జు పిండితో ఉడికించి గడ్డకట్టించిన గోమాదోఫు, సోయా పాలతో చేసే టోఫును గడ్డకట్టించి ఎండబెట్టిన కోయాదోఫు, కూరగాయల తెంపురా, ఊరగాయలు, అన్నం, అన్నీ ఎర్ర లక్క పూత వేసిన చిన్న పీటల మీద వచ్చాయి. అమ్మ ఎవరినీ ఏమీ అడగకుండా తిన్నది ఆ పూటే.

మర్నాడు కూకై సమాధి మందిరం ఉన్న ఒకునొయిన్‌కు తీసుకెళ్లారు. దేవదారు చెట్ల నడుమ రెండు కిలోమీటర్ల దారి, రెండు పక్కలా లక్షల్లో సమాధులు. కూకై చనిపోలేదని, ధ్యానంలోనే ఉన్నారని అక్కడివారి నమ్మకం. అందుకే ఇప్పటికీ రోజుకు రెండుసార్లు, ఉదయం 6 గంటలకు, మళ్లీ 10.30కి, పెట్టెలో భోజనం మోసుకెళ్లి నివేదిస్తారు. అమ్మ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. చలికి వద్దని మేం అంటుంటే గైడు గారు తన సంచిలోంచి ఉన్ని మేజోళ్లు తీసిచ్చారు.

ఇక్కడే ఇంకో సంగతి. మాది గుంటూరు జిల్లా అని నాన్న మాటల్లో అన్నారు. ఆవిడ రాత్రంతా ఏం చదివారో గాని, మర్నాడు నారింజ రంగు కొన్‌పోన్ దైతో స్తూపం ముందు నిలబెట్టి నాగార్జునుడి గురించి చెప్పారు. శింగోన్ పరంపరలోని ఆచార్యుల్లో ఆయన ఒకరట. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపాన్ని తెరిచి ఆయన తమ మూల సూత్రాలను అందుకున్నారని వాళ్ల ఐతిహ్యం. ఆ స్తూపం మన అమరావతిదేనని కొందరు పండితులు ఊహిస్తారు. నాన్న అమరావతి శిల్పాలను చిన్నప్పటి నుంచీ చూస్తున్నవారు. ఆయన నోట మాట లేకపోవడం నేను చూసింది చాలా తక్కువ.

నాన్న రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. టోక్యో స్టేషన్‌లో మమ్మల్ని లాంజ్‌లో కూర్చోబెట్టబోతే ఆయన రానన్నారు. షింకాన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, ఆగగానే పారిశుద్ధ్య సిబ్బంది ఎక్కి ఏడు నిమిషాల్లో పెట్టెలన్నీ తుడిచి, సీట్లు ప్రయాణ దిశకు తిప్పి దిగిపోవడం చూడాలి. బయలుదేరేటప్పుడు కండక్టరు సిగ్నలు వైపు వేలు చూపి పైకి చెప్పుకోవడమూ చూడాలి. గైడు గారు ఆయన పక్కనే నిలబడి ఒక్కో పనీ వివరించారు. క్యోటో చేరాక పట్టుబట్టల దుకాణం కార్యక్రమాన్ని రద్దుచేయించి, ఆఫీసును ఒప్పించి, నాన్నను క్యోటో రైల్వే మ్యూజియంకు తీసుకెళ్లారు. 1914లో కట్టిన విసనకర్ర ఆకారపు లోకో షెడ్డు అక్కడ ఉంది, ఇరవై పట్టాలతో. టర్న్‌టేబుల్ మీద ఆవిరి ఇంజను తిరుగుతుంటే పక్కన నిలబడి చూస్తున్న ఒక జపాన్ పెద్దాయన కూడా పాత రైల్వే ఉద్యోగే. బ్రేకుల గురించి, రాత్రి డ్యూటీల గురించి ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో గైడు గారు అనువాదం చేసి చేసి గొంతు బొంగురుపోయింది. దుకాణం పోయినందుకు నాకు కొంచెం ఉసూరుమన్నమాట నిజమే, అది వేరే సంగతి.

అమ్మకు మోకాళ్ల నొప్పి. చాప మీద కూర్చోలేదు కాబట్టి టీ ఉత్సవం మానుకుందామనుకున్నాం. ఆవిడ ర్యూరేయ్ పద్ధతిలో, అంటే బల్లా కుర్చీలతో చేసే చోటు వెతికిపెట్టారు. 1872లో క్యోటో ప్రదర్శనకు వచ్చే విదేశీయుల కోసం ఉరసెంకె అనే టీ సంప్రదాయపు గురుపీఠం రూపొందించిన పద్ధతట అది. అమ్మ రెండు చేతులతో గిన్నె పట్టుకుని, చేదుగా ఉన్నా చివరి చుక్క దాకా తాగింది.

పెద్ద పెట్టెలను ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు నల్లపిల్లి బొమ్మ ఉన్న కొరియర్ వాళ్లు చేరవేశారు, వాళ్లకూ కృతజ్ఞతలు. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ నుంచి, మా స్నేహితురాలి ద్వారా తప్ప మమ్మల్ని ఎరగని ఒక తెలుగు జంట పనిరోజు సాయంత్రం రైలెక్కి వచ్చి తోడుపెట్టిన పెరుగు, కందిపొడి ఇచ్చి వెళ్లారు. కూర్చోమన్నా కూర్చోలేదు. అమ్మ వాళ్ల డబ్బా కడిగి నా పెట్టెలో పెట్టింది. చిరునామా పంపితే నింపి పంపిస్తుంది.

గైడు గారూ, దీన్ని మీరు ఫోన్‌లో జపనీస్‌లోకి మార్చుకుని చదువుతారని తెలుసు. నాన్న చెప్పమన్నది ఒకటుంది. హైదరాబాదు వస్తే 1916 నాటి కాచిగూడ స్టేషన్ ఆయనే దగ్గరుండి చూపిస్తారట. మీ భోజనంలో ఏమేం ఉండకూడదో అమ్మకు ముందుగా రాయండి.